చెవి ఉన్న మూత

మా ఊరి పాలకేంద్రానికి పొద్దున్నే వచ్చే వ్యాను డ్రైవరుది ఆండర్సన్‌పేట. మొన్న క్యాన్లు ఎక్కించే పని పక్కన పెట్టి నేరుగా మా మామ దగ్గరికి వచ్చాడు. "మీ ఇంజనీరు సారు పోయినాడప్పా, తెల్లారుజామున" అన్నాడు. మామ అంటే నా భర్త తండ్రి. ఆయన పాలచెంబు కింద పెట్టాడు. ఎట్లా పోయాడు, ఏమైంది అని అడగలేదు. "యాడ పెడతారంట?" అని మాత్రం అడిగి, చొక్కా వేసుకోవడానికి ఇంట్లోకి వెళ్ళాడు. ఆయన వెనకే నేనూ చీర మార్చుకుని బయల్దేరాను. ఆ రోజు మా ఆవులకు మేత వేసింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో సారు ఇంటి ముందూ, తర్వాత సమాధుల దగ్గరా జనాన్ని చూసి ఆశ్చర్యపోయాను. గని వాళ్ళు, చర్చి వాళ్ళు ఉంటారని తెలుసు. తలగుడ్డ చుట్టుకున్న రైతులు అంతమంది వస్తారని అనుకోలేదు. మాలూరు పక్క నుంచి కొందరు, బంగారుపేట పక్క నుంచి కొందరు, శ్రీనివాసపురం మామిడితోపుల నుంచి కొందరు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. అయినా పలకరించుకుంటున్నారు. "మీది యాడ?" అని ఒకరు. "మామిడితోట్లో, దావ పక్కన. మీది?" అని ఇంకొకరు. "మాది ఇంటి ఎనకే, దొడ్లో." వాళ్ళు అడుగుతున్నది ఊరి సంగతి కాదు, బోరు సంగతి. ఆయన మూత పెట్టిన బోరు. చావు ఇంట్లో ఎవరూ నవ్వకూడదంటారు గానీ, నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

పాస్టరుగారు తమిళంలో ప్రార్థన చేశారు. మామకు సగమే అర్థమై ఉంటుంది. కానీ అందరూ తల వంచినప్పుడు వంచాడు, అందరూ ఎత్తాక కూడా ఎత్తలేదు. నేనే భుజం తట్టాను.

సారు బంగారు గనిలో ఇంజనీరుగా పని చేశారు. గని మూతపడ్డాక వేరే రాష్ట్రాల్లో సొరంగాల పనులు చూసి, రిటైరై, పుట్టిన ఊరికే తిరిగి వచ్చారు. వాళ్ళ తాత చిత్తూరు పక్కనుంచి గని పనికి వచ్చినవాడట. అందుకని ఇంట్లో తెలుగు, చర్చిలో తమిళం, పనిలో ఇంగ్లీషు. మాతో మాట్లాడేటప్పుడు ఆ మూడింటికీ తోడు కన్నడం. ఇంకొకరైతే ఆ వయసులో పేపరు చదువుకుంటూ, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ కూర్చుంటారు. ఈయన పాత స్కూటరు నిండా ఇనప మూతలు వేసుకుని పల్లెలు తిరగడం మొదలుపెట్టారు.

ఎందుకో చెప్పాలంటే మా జిల్లా సంగతి చెప్పాలి. కోలారు జిల్లాలో ఎండిపోయిన బోరు లేని చేను ఎవరైనా చూపిస్తే నా చెవి కమ్మలు తీసి ఇచ్చేస్తాను. బోరు ఎండితే రైతు మోటారు పీకుతాడు, పైపులు పీకుతాడు, వీలైతే లోపలి ఇనప గొట్టం కూడా పీకి ఇంకో బోరుకు వాడుకుంటాడు. మిగిలేది నేలలో ఒక కన్నం. దాని మీద ఒక గోనెసంచి, లేకపోతే నాలుగు కంపలు. ఎక్కడో బిడ్డ బోరులో పడిందని టీవీలో వస్తే ఊరంతా అయ్యో అంటాం. మర్నాడు మన చేన్లోని గోనెసంచిని సర్ది, పైన ఇంకో రాయి పెట్టి, మన వంతు అయిపోయిందనుకుంటాం. పోనీ మట్టి పోసి పూడ్చేస్తామా అంటే అదీ లేదు. గంగమ్మ మళ్ళీ వస్తే ఏ దారిన వస్తుంది? పూడ్చడమంటే ఆమె మొహం మీద తలుపు వేసినట్టని మా వాళ్ళ నమ్మకం.

ఈ పని ఎందుకు ఎత్తుకున్నారని నేను ఆయన్ని ఒకసారి అడిగాను. పెద్ద కథ ఏదో చెబుతారనుకున్నాను. "గనిలో మొదటిరోజు నేర్పించేది అదేనమ్మా. నువ్వు తెరిచిన కన్నం నువ్వు మూసి ఇంటికి పోవల్ల. కింద అంత జాగ్రత్తగా ఉన్నోళ్ళం, పైకొచ్చి చూస్తే ఊరంతా కన్నాలే" అన్నారు. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు.

మొదటిసారి ఆయన మా ఇంటి ముందు స్కూటరు ఆపినప్పుడు వంటపాత్రలు అమ్మేవాడనుకున్నాను. ముందర, వెనక, కాళ్ళ దగ్గర, ఎక్కడ చూసినా గుండ్రటి మూతలే. మాకేమీ వద్దు, ముందుకు పొమ్మన్నాను. ఆయన ఏమీ అనుకోకుండా, అమ్మడానికి రాలేదనీ, చేన్లో ఎండిపోయిన బోర్లు ఎక్కడున్నాయో చూపిస్తే చాలనీ చెప్పారు. మా ఇళ్ళలో ఆ సంగతి ఎవరూ పైకి అడగరు. చచ్చిపోయిన వాళ్ళను లెక్కపెట్టమన్నట్టు ఉంటుంది. నేను మామను పిలిచి లోపలికి వెళ్ళిపోయాను.

ఆయనకు ఒక అలవాటుండేది. కనిపించిన ప్రతిదాన్నీ వేలి కణుపుతో తట్టి చెవి ఒగ్గేవారు. గని లోపల తల మీది రాతిని కడ్డీతో తట్టి, చప్పుడు విని, అది గట్టిదో ఊడిపడేదో తెలుసుకున్నాకే అడుగు ముందుకు వేస్తారట. లోపల కన్ను కంటే చెవి ముఖ్యం అనేవారు. ఆ అలవాటు కొద్దీ మా గోడ తట్టేవారు, పనసకాయ తట్టేవారు, ఒకసారి నేను రాగి సంగటి గెలికే కుండను తట్టి దీనికి బీట పడిందమ్మా, మార్చమన్నారు. నా కుండ సంగతి నాకు తెలియదా అని నాకు ఒళ్ళు మండింది. ఆ వారంలోనే అది పొయ్యి మీద విచ్చుకుంది. ఆ సంగతి ఆయనకు నేను చెప్పనే లేదు.

తన మీద తనకు నమ్మకం కాస్త ఎక్కువే. మా ఆవు ఈనుతుంటే కూడా సలహా చెప్పబోయారు. మామ ఆయన్ని చెయ్యి పట్టి తీసుకెళ్ళి అరుగు మీద కూర్చోబెట్టి, "సారూ, దీనికి ఇంజనీరు అక్కర్లే" అన్నాడు. అట్లా మొదలైంది వాళ్ళ స్నేహం. వయసులు ఒకటే, మొండితనాలూ ఒకటే. చలికాలంలో నేను అనపకాయల పితికిన పప్పు చారు చేస్తే ఆ వాసన రాబర్ట్‌సన్‌పేట దాకా వస్తుందని చెప్పి వచ్చేసేవారు. సంగటి ముద్ద మింగడం మామ నేర్పించాల్సి వచ్చింది. గని మనిషికి ముద్ద నమలకుండా మింగడం రాదా అని మామ ఎగతాళి చేస్తే, ఆయన నీళ్ళు తాగుతూ తల ఊపేవారు.

ఎండిన బోర్లలో మిగతావాటికి మూతలు వేయించుకోవడానికి మామ సణుగుతూనే ఒప్పుకున్నాడు. మల్బరీ తోటలో ఉన్నదాని దగ్గర మాత్రం ససేమిరా అన్నాడు. ఆ బోరు చోటు చూపించింది మా అత్త. మా పక్కన నీటి జాడ చూసేవాళ్ళు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేన్లో నడుస్తారు. కాయ నిలువుగా లేచిన చోట నీళ్ళున్నట్టు. జాడ చూసే మనిషి చెప్పిన చోట వేసిన బోరల్లా ఎండిపోతుంటే అత్తకు విసుగొచ్చి, అతని చేతిలో కాయ లాక్కుని తానే నడిచిందట. ఆమె ఆగిన చోట నీళ్ళు పడ్డాయి. ఆ నీళ్ళతోనే మల్బరీ వేశాం, పట్టుపురుగులు పెంచాం, నేను కాపురానికి వచ్చిన రోజు కాళ్ళు కడుక్కున్నాను. అత్త పోయిన తర్వాతి ఎండాకాలం ఆ బోరు ఎండిపోయింది, తోట వాననీళ్ళ మీదే బతికింది. మామ దాని ఇనప గొట్టాన్ని కూడా పీకనివ్వలేదు.

అప్పటినుంచి ఆయనకు ఒక పని. రోజూ పొద్దున్నే తోటకు వెళ్ళి, బోరు మీది బండ జరిపి, ఒక గులకరాయి లోపలికి వదిలి, చెవి పెట్టి వింటాడు. నీళ్ళుంటే బుళుక్ మనాలి. ఎప్పుడు విన్నా ఠక్ మనే అంది. బండ మళ్ళీ జరిపి, ఇంటికొచ్చి కాఫీ తాగుతాడు. మేమెవరం ఏమీ అనేవాళ్ళం కాదు. ఏమంటాం?

ఒకరోజు ఇంజనీరు సారు అది చూశారు. నేను పక్కనే ఆకు కోస్తున్నాను. రోజూ ఇట్లాగే వేస్తావా అని అడిగారు. అవునన్నాడు మామ. ఎప్పటినుంచి అంటే, ఆమె పోయినప్పటినుంచి అన్నాడు. సారు బోరులోకి తొంగి చూసి చెప్పారు.

"నీళ్ళొచ్చే సందులు అడుగు పక్కే ఉండేదప్పా. నువ్వేసిన రాయి ఒక్కటీ బయటికి రాలేదు, అన్నీ ఆడే కూర్చోనుండాయి. ఎవురో మూసేస్తారని భయపడతా, నువ్వే దినామూ పూడ్చేస్తా ఉండావు."

మామ చేతిలో ఇంకో రాయి ఉంది. గుప్పిట తెరిచి దాన్ని చూసుకున్నాడు. కింద పడెయ్యలేదు, బోరులోనూ వెయ్యలేదు. జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు కాఫీ తాగలేదు.

నేను సారు మీద విరుచుకుపడ్డాను. పెళ్ళాం గుర్తుగా పెట్టుకున్న దాన్ని నువ్వే పూడ్చావని మొహం మీద చెప్పడానికి నోరెట్లా వచ్చిందని అడిగాను. ఆయన తల వంచుకుని విన్నారు. "గనిలో మెల్లగా చెప్పేదానికి టైము ఉండదమ్మా. అదే అలవాటైపోయింది" అన్నారు. బాధపడ్డారని తెలుస్తూనే ఉంది, అయినా నాకు కోపం తగ్గలేదు.

మామ రాళ్ళు వేయడం మానేశాడు. బోరు దగ్గరికి వెళ్ళడం మానలేదు. బండ జరిపి, ఊరికే చెవి పెట్టుకుని కూర్చునేవాడు. సారు స్కూటరు చప్పుడు వినిపిస్తే కొట్టంలోకి వెళ్ళిపోయేవాడు. సారు మిగతా మూతలకు తుప్పు పట్టకుండా రంగు వేసుకుని, మజ్జిగ తాగి, వెళ్ళిపోయేవారు.

ఇక ఆ రోజు సంగతి చెప్పాలి. నా కూతురు అప్పటికి ఇంకా బడికి పోవడం లేదు. మామతో తోటలో ఉంది. నేను షెడ్డులో పురుగులకు ఆకు వేస్తున్నాను. మామ బండ జరిపి వింటూ ఉండగా ఆవు పలుపు తెంచుకుని పక్కవాళ్ళ రాగి చేలో పడింది. పక్కవాళ్ళు అరిచారు, మామ పరుగెత్తాడు. ఆవును పట్టుకుని తిరిగి వచ్చేసరికి పిల్ల లేదు. తెరిచిన బోరు పక్కన అది సగం కొరికిన జామకాయ పడి ఉంది.

మామ అరుపు విని నేను వెళ్ళాను. ఎట్లా వెళ్ళానో తెలియదు. ఊరంతా వచ్చింది. ఒకరు తాడు అంటారు, ఒకరు ఫైరింజనుకు ఫోను చెయ్యమంటారు, ఆడవాళ్ళం ఏడుస్తున్నాం. సరిగ్గా అప్పుడే సారు స్కూటరు వచ్చి ఆగింది. ఆయన పరుగెత్తలేదు. నడిచి వచ్చి, "అందరూ నోరు మూయండి" అన్నారు. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. అందరం మూశాం. ఆయన బోర్లా పడుకుని, బోరు గొట్టం మీద స్పానరుతో తట్టి, చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తట్టారు. మళ్ళీ విన్నారు. మామ కొంచెం దూరంలో మట్టిలో కూలబడి ఉన్నాడు. ఏళ్ళుగా అదే కన్నానికి చెవి పెట్టిన మనిషి, ఆ రోజు దగ్గరికి రాలేకపోయాడు.

"లోపల చప్పుడు లేదు. చప్పుడు లేదంటే బిడ్డ లేదని కాదు. నేను ఈడినుంచి లేయను. మీరు పోయి ఇంట్లో, కొట్టంలో, షెడ్డులో ఎతకండి. పో అమ్మా, నువ్వు షెడ్డు చూడు" అన్నారు. చెవి గొట్టానికే ఆనించి ఉంచారు. గొంతు వణకలేదు. ఆ గొంతు పట్టుకునే నేను లేచాను.

షెడ్డులో గోడకు చంద్రికలు ఆనించి ఉంటాయి, పురుగులు గూడు కట్టుకునే వెదురు తట్టలు. వాటి వెనక సందులో, ఆకు గుట్ట మీద, పిల్ల నోట్లో వేలు పెట్టుకుని నిద్రపోతోంది. నేను ఉన్న షెడ్డులోకే, నా వెనకనుంచే వచ్చి పడుకుంది. దాన్ని లేపి ఒక దెబ్బ వేసి, గట్టిగా పట్టుకుని, ఎత్తుకుని తోటకు పరుగెత్తాను.

మామ పిల్లను ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి కూడా భయపడ్డాడనుకుంటాను. సారుతో, "పూడ్చేయ్ సారూ. మన్నుపోసి పూడ్చేయ్. నాకొద్దు అది" అన్నాడు.

ఆ బోరు మూయమనే కదా ఆయన అన్నాళ్ళుగా అడిగింది. ఇంకొకరైతే ఆ క్షణమే పార తెప్పించేవారు. సారు లేచి, చొక్కాకు అంటిన మట్టి దులుపుకుని, "పూడ్చే పని లేదప్పా" అన్నారు. స్కూటరు దగ్గరికి వెళ్ళి ఒక మూత తెచ్చారు. అది మిగతా మూతల్లాంటిది కాదు. నడిమధ్యలో బొటనవేలు దూరేంత రంధ్రం, దానికి మరలు తిప్పి మూసే చిన్న బిరడా. రాళ్ళ గొడవ జరిగిన మర్నాడే వెల్డింగు మనిషి పక్కన కూర్చుని చేయించారట. మామ ఎదురుపడక, ఇవ్వడానికి వీలుపడక, స్కూటరులో పెట్టుకుని తిరుగుతున్నారట. దానితోపాటు ఒక చిన్న ఇత్తడి గొట్టం. పైన మూసి, కింద తెరిచి, పొడుగాటి నైలాన్ దారానికి కట్టి ఉంది.

"ఇది దించు. అడుగు తగిలితే ఠక్ అంటాది, నీళ్ళు తగిలితే బుళుక్ అంటాది. రాయి అక్కర్లే, బండ జరిపే పనీ లేదు. మీ ఇంటామె చూపించిన చోటు ఇది. దీన్ని పూడ్చేదానికి నాకేం హక్కుండాది? మూత ఒకటే నాది" అన్నారు.

మామ అప్పుడు ఏడ్చాడు. అత్త పోయినప్పుడు కూడా నేను ఆయన కన్నీళ్ళు చూడలేదు. సారు బోల్టులు బిగించే పనిలో పడి తల ఎత్తలేదు. కావాలనే ఎత్తలేదని నాకు తెలుసు.

ఆ తర్వాత ఆ మూత సంగతి పాకిపోయింది. ఇన్నాళ్ళూ మూతకు ఒప్పుకోని రైతులు, చెవి ఉన్న మూత అయితే సరేనన్నారు. పంచాయతీ వాళ్ళు ఒకసారి ఆయనకు సన్మానం పెట్టారు. శాలువా కప్పి మాట్లాడమంటే, మైకు పట్టుకుని, ఈ సభలో ఉన్నవాళ్ళలో ఎవరి చేన్లో బోరు తెరిచి ఉందో చెయ్యి ఎత్తమన్నారు. వేదిక మీద కూర్చున్న పెద్దమనిషి ఒకాయన చెయ్యి ఎత్తాల్సి వచ్చింది. మర్నాడే సారు ఆ పెద్దమనిషి తోటకు వెళ్ళి మూత బిగించి వచ్చారు. ఆ శాలువా ఎక్కడ పోయిందో ఆయనకే తెలియదు.

పని అయ్యాక చేతులు కడుక్కునే ముందు ఇంకోసారి చూడమనేవారు. నా కూతురు ఇప్పుడు పరీక్ష రాసి వచ్చి కూడా ఆ మాటే అంటుంది. ఆదివారం చర్చి అయ్యాకే బయల్దేరేవారు. క్రిస్మస్‌కు కేకు తెచ్చేవారు, అది మామకు నచ్చేది కాదు, అయినా ముక్క మిగిల్చేవాడు కాదు. మామ పాత పట్టు రాట్నానికి ఆ దారం చుట్టుకుని, ప్రతి శుక్రవారం ఇత్తడి గొట్టం దించేవాడు. మీ ఆమె ఏమంటోందని ఊళ్ళో వాళ్ళు వెక్కిరించేవాళ్ళు. ఠక్ మనే అంటోందని చెప్పేవాడు, సిగ్గుపడకుండా.

ఈ మధ్య మాకు మంచి వానలు పడ్డాయి. దానికి తోడు పట్నం నుంచి శుద్ధి చేసిన మురుగునీళ్ళు ఎగువ చెరువుల్లోకి వదులుతున్నారు. అక్కడా ఇక్కడా బోర్లు మళ్ళీ పలుకుతున్నాయని విన్నాం. పోయిన నెల ఒక శుక్రవారం నేను పాలు పితుకుతుంటే మామ తోటలోంచి వచ్చాడు.  కొట్టం గోడ మీది నా ఫోను వైపు చూపించి, రమ్మన్నట్టు తల ఊపాడు.

సారు అప్పటికి మంచం మీద ఉన్నారు. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంది. ఆక్సిజను పెట్టి ఉంచారు, ఎక్కువ మాట్లాడనివ్వడం లేదు. నేను ఫోను చేసి, వాళ్ళమ్మాయికి చెప్పి, సారు చెవి దగ్గర పెట్టమన్నాను. మా ఫోనును మూత రంధ్రం పక్కన పట్టుకుని కూర్చున్నాను. మామ దారం వదిలాడు. రాట్నం తిరిగింది, తిరిగింది. అంత పొడుగు దారం ఉందని నాకు అంతవరకూ తెలియదు.

బుళుక్ మంది.

అవతల ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. వినపడిందో లేదో అనుకున్నాను.

"ఇంగోసారి వెయ్యప్పా" అన్నారు సారు.

మామ పైకి లాగి మళ్ళీ వదిలాడు. మళ్ళీ అదే చప్పుడు.

"మోటారు దించద్దు ఇప్పుడే. ఈ ఎండాకాలం దాటనీ. నిలబడతాదో లేదో చూడు ముందు" అన్నారు. మాటకూ మాటకూ మధ్య ఆయాసం. గొంతులో పాత ధీమా మాత్రం అట్లాగే ఉంది, కుండకు బీట పడిందని చెప్పిన గొంతు.

"నువ్వొచ్చి చూసినాకే దించేది" అన్నాడు మామ.

"నేను ఇన్నాను కదప్పా. చాల్లే."

 అవతల వాళ్ళమ్మాయి ఫోను పెట్టేసేదాకా మామ దారం పైకి చుట్టడం, కిందికి వదలడం, అదే పని చేస్తూ కూర్చున్నాడు. నేను ఫోను అక్కడే పట్టుకుని ఉన్నాను.